పాలమూరులో ఆదివారం బిజినెస్ బ్యాచ్: 7,500 కట్టి 12 వారాలు కూర్చున్నాక

ముందే చెప్తున్నా, నాకు ఇలాంటి వాటి మీద పెద్దగా నమ్మకం లేదు. మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ దగ్గర ఒక మేడ మీద ఆరేళ్లుగా యోగా నేర్పిస్తున్నా, పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒకటి. రెండేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర విడిగా కోచింగ్ తీసుకున్నా, 22,000 అయ్యాయి. ఆయన చెప్పినవన్నీ బాగానే ఉండేవి, రాసుకునేదాన్ని, తల ఊపేదాన్ని, ల్యాప్‌టాప్ మూసేశాక ఒక్కటీ చేసేదాన్ని కాదు. ఎందుకు చేయలేదని అడిగేవాళ్లు ఎవరున్నారు? అందుకే మా ఊళ్లోనే కోచ్‌లకీ చిన్న వ్యాపారులకీ కలిపి గ్రూపుగా నేర్పిస్తాం, 12 ఆదివారాలు, రూ.7,500 అని వాట్సాప్‌లో వస్తే, పోతే పోయాయి అనుకుని కట్టేశా.

మొదటి రోజు ట్రైనర్ సార్ పాతకాలపు అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో మొదలుపెట్టాడు. 1727లో ఫిలడెల్ఫియాలో కొంతమందిని పోగేసి జుంటో అని ఒక సంఘం పెట్టాడట, శుక్రవారం సాయంత్రాలు కూర్చుని ఒకరి సంగతులు ఒకరు మాట్లాడుకునేవాళ్లట. ఇదంతా అరగంట. నా పక్కన కూర్చున్న జొన్నరొట్టెల అక్క మెల్లగా, "ఇది మా పొదుపు సంఘమే కదా" అంది. నాకు నవ్వు ఆగలేదు. మా అమ్మ కూడా సంఘంలో ఉండేది, వాయిదా కట్టని వాళ్ల ఇంటికి మిగతా ఆడవాళ్లంతా కలిసి వెళ్లేవాళ్లు, ఒకరు ఆపితే తర్వాతి లోన్ అందరికీ ఆగుతుంది కాబట్టి. ఈ బ్యాచ్‌లో పనిచేసింది కూడా అదే, సార్ పాఠాలు కాదు.

పద్ధతి ఏంటంటే, వారానికి ఇద్దరు తమ వ్యాపారంలో ఉన్న ఒక చిక్కు చెప్పాలి. మిగతావాళ్లు మొదట ప్రశ్నలు మాత్రమే అడగాలి, సలహాలు తర్వాతే. మన దగ్గర సలహా ఆపుకోవడం ఎంత కష్టమో తెలుసు కదా, మొదటి రెండు వారాలు సార్‌కి అదే పని. చివర్లో అందరూ వచ్చే ఆదివారంలోపు చేసే పని ఒక్కటి చార్టు మీద రాయాలి.

మూడో వారం వనపర్తి వైపు గానుగ నూనె అన్న వంతు వచ్చింది. లీటరు 380 అంటే జనం ఎక్కువ అంటున్నారని ఆయన బాధ. లెక్క నోటితోనే చెప్పాడు: లీటరుకి రెండున్నర కిలోల పల్లీలు, కిలో 130 లెక్కన 325, నూనె తీశాక మిగిలిన పల్లి చెక్క పశువులకి అమ్మితే ఒక 60 వస్తాయి, అంటే లీటరుకి 115 మిగులుతుందని. కరెంటు, సీసాలు, షెడ్డు అద్దె అని ఒక్కొక్కరు అడుగుతుంటే ఆ 115 తగ్గుతూ వచ్చింది. అప్పుడు రొట్టెల అక్క అడిగింది, "అన్నా, పొద్దంతా గానుగ కాడ నిలబడేది ఎవరు?" "నేను, మా ఇంటామె." "మరి మీ ఇద్దరి కూలి ఏది?"

అన్న ఏమీ మాట్లాడలేదు. గదిలో కూడా ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే మాలో ఎవరమూ ఆ లెక్క వేసుకోలేదు. ఆ రాత్రి నా లెక్క నేను వేసుకుంటే, అద్దె పోను నాకు మిగిలేది ఒక అసిస్టెంట్‌ని పెట్టుకుంటే ఇవ్వాల్సిన జీతం కంటే తక్కువ! పాలమూరు కూలీ దేశమంతా తిరిగి డ్యాములు కట్టాడని గొప్పగా చెప్పుకుంటాం, మన కూలి దగ్గరికి వస్తే మాత్రం నోరు రాదు. ఇది నాకు ఆ 22,000 కోచింగ్‌లో తట్టలేదు, అక్కడ నా గోడు తప్ప వేరేవాళ్లది వినే వీలే లేదు కాబట్టి.

నా చిక్కు ఫీజు. నెల నెలా అడగాలంటే మొహమాటం, పండగ వస్తే సగం మంది మాయం. అక్క వాళ్ల పద్ధతి చెప్పింది, 30 రొట్టెలకి ముందే డబ్బు, ఇంటికి ఒక కార్డు, ఇచ్చినప్పుడల్లా టిక్కు. నేనూ మూడు నెలల ఫీజు ముందే తీసుకుంటానని చార్టు మీద రాశా. రాశా కానీ ఆ వారం చెప్పలేకపోయా. ఆదివారం అందరి ముందు "చెప్పలేదు" అనాల్సి వచ్చింది, బ్యాచ్‌లో చీరలు అమ్మే తమ్ముడు ఒకడు "అక్కా, పోయినసారి మీరే నన్ను తిట్టారు" అన్నాడు. సోమవారం పొద్దునే చెప్పేశా. 41 మందిలో 9 మంది మానేశారు, మిగతావాళ్లు కట్టారు, ఇప్పుడు నెలాఖరు టెన్షన్ లేదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల నమోదు, ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితమని కూడా ఇక్కడే తెలిసింది, నేను ఒక నెట్ సెంటర్‌లో 1,500 ఇచ్చి చేయించుకున్నా, ఏం చేస్తాం.

గ్రూపులో అందరూ ధైర్యంగా తప్పు చెప్పే ప్రమాదం కూడా ఉంది. ఆ చీరల తమ్ముడు అమ్మేది నారాయణపేట చీరలు, సరుకు అమ్మేవాళ్లకి ఏడాది అమ్మకాలు 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అతనికి ఎవరో చెప్తే అందరం తలూపాం. తీరా సీఏని అడిగితే ఆ పరిమితి వేరే రాష్ట్రాల్లో, తెలంగాణలో 20 లక్షలే అన్నాడు. పన్నుల సంగతి గ్రూపులో తేల్చుకోకండి.

ఇక తిట్టాల్సినవి. పది మందే అని చెప్పి 17 మందిని ఎక్కించారు, దాంతో నా వంతు ఒక్కసారే వచ్చింది. క్లాసు ఫంక్షన్ హాల్ పై అంతస్తులో, ముహూర్తాలు ఉన్న ఆదివారం కింద బ్యాండు మోగుతుంటే మేం పైన లాభనష్టాలు అరుచుకుంటూ చెప్పుకున్నాం. ఒకాయన హెల్త్ పౌడర్ డబ్బాలు అమ్ముకోవడానికే వచ్చాడు, రెండు వారాలకి గానీ పంపించలేదు. అన్నిటికంటే పెద్ద తప్పు, నాతోపాటు ఇదే ఊళ్లో ఇంకో యోగా టీచర్‌ని కూడా తీసుకున్నారు. ఫీజు ఎంత అని అడిగితే ఇద్దరం అబద్ధమే చెప్పాం, తర్వాత తెలిసింది. డబ్బు కట్టే ముందు మీ లైన్‌లో ఇంకెవరైనా ఉన్నారా అని, మొత్తం ఎంతమంది అని గట్టిగా అడగండి. ఇంకా ఏమీ మొదలుపెట్టని వాళ్లకి ఇది దండగ, చెప్పుకోవడానికి చిక్కు ఉండాలి కదా.

చివరి ఆదివారం 45,000తో అడ్వాన్స్‌డ్ బ్యాచ్ అన్నారు. నేను చేరలేదు. ఐదుకి మూడున్నర ఇస్తున్నా, అందులో మూడు రొట్టెల అక్కకే. మేం నలుగురం మాత్రం నెలకోసారి గానుగ అన్న షెడ్డులో కలుస్తున్నాం, చార్టు అదే, టీ ఆయనది. లీటరు ఇప్పుడు 430 చేశాడు, నాకు కూడా తగ్గించడం లేదు.