మెయిల్ సంతకంలో సాగర్ డ్యామ్: ఆరేళ్ల వాడకం తర్వాత

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కలు చూసే నేను, ఆరేళ్లుగా ప్రతి మెయిల్ చివర పేరు, ఫోన్ నంబరుతో పాటు కీబోర్డు గుర్తులతో గీసిన నాగార్జునసాగర్ డ్యామ్‌ను కూడా పంపుతున్నాను. |_ అనే జంటను 26 సార్లు కొట్టి చివర ఒక నిలువు గీత పెడితే, సాగర్‌కున్న 26 క్రెస్ట్ గేట్లు 53 గుర్తుల్లో వచ్చేస్తాయి. వాటి కింద 53 సార్లు ~ కొడితే కృష్ణమ్మ. రెండు వరుసలూ కలిపి సుమారు 110 బైట్లే కాబట్టి, లోగో ఫోటో అతికించినప్పటిలా మెయిల్ బరువెక్కదు, అవతలివారు ఏదీ డౌన్‌లోడ్ చేసుకోనక్కరలేదు.

సంతకం 4 వరుసలు దాటకుండా చూసుకొమ్మని ఇంటర్నెట్‌లో పాటించాల్సిన మర్యాదలు రాసిన 1995 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1855 చెబుతుంది. నాది సరిగ్గా నాలుగు. మిల్లు పేరును, కీబోర్డు గుర్తులతో అక్షరాలు గీసిపెట్టే ఫిగ్లెట్ అనే ప్రోగ్రాముతో పెద్దక్షరాల్లో చేయించి చూశాను గానీ, దాని మామూలు ఫాంటులో పేరొక్కటే 6 వరుసలు మింగింది. తెలుగు అక్షరాలతో గీయడం మరీ కష్టం, ఎందుకంటే గుణింతాలు, ఒత్తులు పడ్డకొద్దీ ఒక్కో అక్షరం వెడల్పు ఒక్కో తీరుగా మారిపోతుంది.

మొదటి ఏడాది వెబ్‌మెయిల్‌లో సంతకాన్ని చేత్తో అతికించేవాణ్ణి. సంతకానికి పైన రెండు అడ్డగీతలు, వాటి వెంట ఒక ఖాళీ ఉన్న వరుస ఉండాలని, అది ఉంటేనే చాలా మెయిల్ ప్రోగ్రాములు జవాబు రాసేటప్పుడు సంతకాన్ని వదిలేస్తాయని అప్పటికి నాకు తెలియదు. గీతలు పెట్టాను, ఖాళీ మరిచాను. ఒక బియ్యం లోడు మీద సాగిన ఉత్తరప్రత్యుత్తరాల్లో ఏడు డ్యాములు ఒకదాని కింద ఒకటి పేరుకుపోయి, అసలు రేటు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఆ తర్వాత థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాముకు మారి, సంతకాన్ని టెక్స్ట్ ఫైలుగా దాచి అకౌంట్ సెట్టింగుల్లో చూపించాను. గీతలు, ఖాళీ ఉండే ఆ వరుసను అదే పెట్టుకుంటుంది, ఈ విషయంలో దానికి వంక పెట్టలేను.

అసలు చిక్కు ఫోన్లతో వచ్చింది. అన్ని గుర్తులూ ఒకే వెడల్పులో ఉండే ఫాంటులోనే ఈ బొమ్మ నిలబడుతుంది. ఫోన్లలో సాధారణంగా కనిపించే ఫాంటులో నిలువు గీత సన్నం, నీటి గుర్తు వెడల్పు, అందువల్ల గేట్ల కంటే నీళ్లు ఎక్కువ దూరం సాగి తర్వాతి వరుసలోకి విరిగి పడతాయి. హాలియా నుంచి ఒక కమీషన్ ఏజెంటు ఫోన్ చేసి, “సార్, సాగర్‌కు గండి పడ్డదా ఏంది, మీ మెయిల్ల నీళ్లన్నీ కిందికొచ్చినయ్” అని అడిగాడు.

కంప్యూటర్ ముందు కూర్చుని మెయిల్ చదివేవారితోనే పని ఉన్నవారికి ఇది ఇప్పటికీ ముచ్చటైన సంతకమే. నా ఖాతాదారులు ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారు కనుక నీటి వరుసను పూర్తిగా తీసేశాను, ఎందుకంటే ఒక్క వరుసే ఉంటే పైదానితో కిందిది కుదరాలనే బాధ ఉండదు. 53 గుర్తులు ఫోన్ తెర మీద పట్టకపోవచ్చని గేట్లను కూడా 13కు తగ్గించాను. ఇప్పుడు మొత్తం 27 గుర్తులు. ఇంతవరకు ఎవరూ లెక్కపెట్టలేదు.