నెలకు ఆరు వేలు, నలుగురి భోజనం: చెన్నైలో నాలుగేళ్ళుగా నడుపుతున్న పద్ధతి

2022 జనవరి నుంచి మా ఇంట్లో నలుగురి తిండికి నెలకు 6,000 రూపాయలు దాటకుండా ఖర్చు పెడుతున్నాము. మేము చెన్నైలోని అయనావరంలో ఉంటాము. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తగారు, తొమ్మిదేళ్ళ పాప ఉన్నాము. పాలు, కూరగాయలు, గుడ్లు, చేపలు, పండ్లు, కొట్టులో తెచ్చే వెచ్చాలు అన్నీ ఆ ఆరు వేలలోనే చేరతాయి. గ్యాసు, అద్దె, కరెంటు వేరు. మనిషికి రోజుకు 50 రూపాయలన్నమాట. దాదాపు నాలుగేళ్ళు ఒకే పద్ధతిని పట్టుకుని నడిచాను కనుక, అందులో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ఈ పద్ధతి మొదలవడానికి ముందు నేను చేసిన తప్పును మొదట చెప్పాలి. కరోనా రెండో ఉద్ధృతి తరువాత, 2021 జూన్‌లో, పుస్తకాల బైండింగు పని చేసే మా ఆయనకు జీతం బాగా తగ్గింది. అద్దె తగ్గదు, పాప ఖర్చులు తగ్గవు, కాబట్టి చేతికి అందిన ఒకే ఒక్క చోట, అంటే వంటింట్లో, కోత పెట్టాను. బియ్యం ఎప్పటిలాగే కొన్నాను. పప్పును పలచన చేసి చారుకు దగ్గరగా తెచ్చాను, గుడ్లు మానేశాను, ఆకుకూర వారానికి ఒకసారి తెచ్చాను, మిగిలిన రోజులు ఊరగాయతోనో పచ్చడితోనో గడిపాము. కడుపు నిండింది కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను. ఏడు నెలలకు, రెండంతస్తుల మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చే స్థితికి చేరి, దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళితే రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 అని వచ్చింది. ఆడవాళ్ళకు 12కు తగ్గితే రక్తహీనత అంటారని అక్కడి డాక్టరమ్మ చెప్పి, ఐరన్ మాత్రలు రాసి, నిన్న ఏం తిన్నావని అడిగారు. అన్నం, రసం, మామిడికాయ పచ్చడి అని చెప్పాను. మొన్న ఏం తిన్నావని అడిగితే అదే జవాబు చెప్పాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఏడు నెలల చిట్టా పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ డబ్బులో దాదాపు సగం బియ్యానికి, నూనెకు, పంచదారకు, టీ పొడికి, పాప కోసం కొన్న చిరుతిండి పొట్లాలకు పోయింది. పప్పుకు పోయింది అందులో పదో వంతు కూడా లేదు. గూడూరులో పెద్ద సంసారం ఈదిన మా అత్తగారు నా వెనకే నిలబడి, "బియ్యం కొలత తగ్గించినా పర్లేదుమ్మా, బిడ్డ గిన్నెలో పప్పు మాత్రం తగ్గించబాక," అన్నారు. నేను నాలుగేళ్ళుగా పాటిస్తున్న పద్ధతి మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది. నెల మొదట్లో డబ్బు చేతికి రాగానే పప్పు ధాన్యాలు, వేరుశనగలు, గుడ్లు, పాలు, ఆకుకూరలకు కావలసిన మొత్తాన్ని విడిగా తీసి పెడతాను. మిగిలినదానితోనే బియ్యం, నూనె, చింతపండు, మిరపకాయలు, టీ పొడి వంటివి కొంటాను. ధరలు పెరిగితే ఆ రెండో వాటాలోనే కోత పడుతుంది, మొదటి వాటాను ముట్టుకోను.

ఈ లెక్క మా ఇంట్లో ఎలా కుదిరిందో చెప్పాలంటే చౌక దుకాణం సంగతి దాచకూడదు. మాకు తమిళనాడు రేషను కార్డు ఉంది. నెలకు 20 కిలోల బియ్యం ఉచితంగా, కిలో కందిపప్పు 30 రూపాయలకు, లీటరు పామాయిలు 25 రూపాయలకు వస్తాయి. ఆ ఉప్పుడు బియ్యాన్ని ఇడ్లీ, దోసె పిండికీ రాత్రి అన్నానికీ వాడి, మధ్యాహ్నం అన్నానికి బయట 8 కిలోలు కొంటాను. పూర్వం నెలకు 38 కిలోల బియ్యం ఉడికిన ఇంట్లో ఇప్పుడు 28 కిలోలు చాలుతున్నాయి. కార్డు లేనివాళ్ళకు ఇదే భోజనానికి ఇంకో 1,200 రూపాయలు పైన పడతాయి.

పప్పు ధాన్యాల దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. మాంసకృత్తులు అనగానే మాంసం, పన్నీరు గుర్తుకు వస్తాయి గానీ, మా వీధి ధరలతో లెక్క వేస్తే వేరుశనగలను, ఉలవలను మించింది కనిపించలేదు. కిలో 130 రూపాయలనుకుంటే 13 రూపాయలకు వచ్చే 100 గ్రాముల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 100 గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాములు ఉంటాయి, ధర పది రూపాయల లోపే. ఆరు రూపాయల గుడ్డులో ఆరు గ్రాములు, తమిళనాడు ప్రభుత్వ పాల సహకార సంస్థ ఆవిన్ అమ్మే 20 రూపాయల నీలం ప్యాకెట్టు అర లీటరు పాలలో పదిహేను గ్రాములు వస్తాయి. గుడ్డును నేను ధర చూసి కాదు, దాని నాణ్యత చూసి, పాప ఇష్టం చూసి ఉంచాను. నెలకు రెండు అట్టలు, అంటే 60 గుడ్లు కొంటాను. కార్పొరేషన్ బడిలో మధ్యాహ్న భోజనంతో పాపకు గుడ్డు పెడతారు కాబట్టి ఇంట్లో గుడ్లు ఎక్కువగా పెద్దవాళ్ళకే. వారానికి రెండు రోజులు ఉలవచారు, ఒక రోజు అలసందల కూర, ఒక రోజు నానబెట్టిన శనగలు, ఉదయం ఇడ్లీలోకి నీళ్ళుగా కాకుండా చిక్కగా రుబ్బిన వేరుశనగ పచ్చడి, మిగిలిన రోజుల్లో ఆకుకూర పప్పు, ఇదీ మా వరస. శనగలు, ఉలవలు రాత్రంతా నానబెట్టి కుక్కరులో ఉడికిస్తే గ్యాసు ఖర్చు బాగా తగ్గుతుంది. ఈ అలవాటు తరువాత మా సిలిండరు పది రోజులు ఎక్కువ వస్తున్నది.

ఆకుకూరల విషయంలో ఎక్కువ తినడమే కాక, దేనితో తింటున్నామన్నదీ ముఖ్యమని డాక్టరమ్మ చెప్పారు. ఆకుల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే అదే భోజనంలో విటమిన్ సి ఉండాలి. భోజనంతో పాటు తాగే టీ, కాఫీ దాన్ని అడ్డుకుంటాయి. పప్పు దించాక నిమ్మరసం పిండడం, ఉసిరికాయలు దొరికే రోజుల్లో పచ్చడి చేయడం, అన్నం తిన్న గంటన్నర వరకు టీ పెట్టకపోవడం, ఈ మూడింటికీ కలిపి నాకు అదనంగా అయిన ఖర్చు నెలకు 40 రూపాయలు. మాత్రలు మానకుండా వేసుకున్నాను, ఫలితంలో పెద్ద వాటా వాటిదే. ఆరు నెలలకు హిమోగ్లోబిన్ 11.4కు వచ్చింది, మరో ఐదు నెలలకు 12 దాటింది. మాత్రలు ఆపి రెండేళ్ళు దాటినా మళ్ళీ కిందికి పోలేదంటే ఆ వాటా భోజనానిదేనని నా నమ్మకం. మునగాకు మాకు ఊరికే దొరుకుతుంది, మా వీధి చివర ఇంటివాళ్ళు కొమ్మలు కొట్టినప్పుడల్లా పిలిచి ఇస్తారు. దూయడం మాత్రం ఓపిక పని, అది అత్తగారు చేస్తారు.

కూరగాయలకు ఆదివారం ఉదయం కోయంబేడు వెళతాను. జార్జ్ టౌన్‌లోని కొత్తవాల్ చావడి నుంచి 1996లో ఇక్కడికి తరలివచ్చిన ఆ మార్కెట్టు మా ఇంటికి దూరమే, కానీ 2021 మే నుంచి సాధారణ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. రానూపోనూ ఛార్జీలు పెట్టాల్సి వస్తే ఈ ప్రయాణం గిట్టుబాటు కాదు. తెల్లవారుజామున టోకు బేరం జోరుగా ఉంటుంది, మనలాంటివాళ్ళు తొమ్మిది దాటాక వెళ్ళాలి. అప్పటికి పోగులు పెట్టి అమ్మడం మొదలవుతుంది. వంకాయలు, బెండకాయలు, సొరకాయలు మా వీధి ధరలో ఇంచుమించు సగానికి వస్తాయి. మొదట్లో ఆ చవక చూసి ఐదు కిలోల టమాటాలు మోసుకొచ్చాను, గురువారానికి సగం కుళ్ళిపోయాయి. ఇప్పుడు పక్కింటి తమిళ ఆవిడ, ఎదురు వాటాలో ఉండే శ్రీకాకుళం అమ్మాయి, నేను, ముగ్గురం కలిసి కొని పంచుకుంటాము. ఆకుకూరలు మాత్రం అక్కడ కొనను. బస్సులో వాడిపోతాయి, పైగా వీధిలో బండి మీద తెచ్చే ముసలమ్మ దగ్గర తోటకూర, సిర్రాకు కట్టలు ఎప్పటికప్పుడు తాజాగా దొరుకుతాయి. కూరగాయలు, ఆకులు కలిపి నెలకు 1,300 రూపాయలు దాటవు.

రాగుల గురించి ఒక మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది లెక్కలోకి రానంత తక్కువ. రోజుకు అర లీటరు పాలతోనే నలుగురం సర్దుకోవలసిన ఇంట్లో ఈ అంకె చాలా విలువైనది. నెలకు మూడు కిలోల రాగులు కొని మరపట్టిస్తాను. ఆడి మాసంలో ఈ ఊళ్ళో అమ్మవారి గుళ్ళ దగ్గర పోసే కూళు, అంటే రాగి జావ, రుచి మరిగాక, అంబలిని ముఖం చిట్లించకుండా తాగడం పాప నేర్చుకున్నది.

చేపలు వారానికి ఒకసారి తెస్తాను. మత్తి, నెత్తళ్ళు తప్ప మరొకటి కొనను. ఖరీదైన వంజరం వైపు చూడను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు పెద్ద పడవలు సముద్రంలోకి వెళ్ళకుండా నిషేధం ఉంటుంది కాబట్టి, ఆ రెండు నెలలూ మార్చిలోనే కొని దాచిన ఎండు నెత్తళ్ళతో నడుపుతాను.

పద్ధతికి అసలు పరీక్ష 2023లో వచ్చింది. జూలైలో టమాటా కిలో వంద దాటింది. ప్రభుత్వం కొన్ని చౌక దుకాణాల్లో 60 రూపాయలకు అమ్మింది గానీ మా ఇంటికి అవసరం పడలేదు. పుల్లదనానికి చింతపండు, మామిడికాయ, ఇక్కడ పుళిచ్చకీరై అనే గోంగూర ఉన్నాయి. ఆంధ్రా వంట తెలిసినవాళ్ళకు టమాటా లేకుండా ఆరు వారాలు వండడం కష్టం కాదు. కందిపప్పు అంతకంటే గట్టి దెబ్బ కొట్టింది, కిలో 170 దాటి చాలా నెలలు అక్కడే నిలిచింది. అప్పుడు పప్పు కొలత తగ్గించకుండా పప్పునే మార్చాను. సాంబారుకు సగం కంది, సగం ఎర్ర కందిపప్పు (మైసూరు పప్పు), కూరలకు పెసర. మా ఆయన నాలుగు రోజులు రుచి తేడా చెప్పి తరువాత ఊరుకున్నారు. డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపానుకు వీధి మోకాలి లోతు నీళ్ళలో మునిగింది, మూడు రోజులు పాలు రాలేదు, కొట్లు తెరవలేదు. ఇంట్లో రాగి పిండి, వేరుశనగలు, ఎండు చేపలు, ఉలవలు ఉన్నందువల్ల ఆ మూడు రోజులూ పాపకు అర్ధాకలి లేకుండా గడిచింది. ఈ నాలుగేళ్ళలో నాకు అన్నిటికంటే సంతృప్తి కలిగించింది అదే.

విఫలమైనవీ ఉన్నాయి. చవకని ఒకేసారి ఐదు కిలోల పెసలు కొని డబ్బాలో పోస్తే, నవంబరు తేమకు పురుగు పట్టి మూడు కిలోలు పారబోయవలసి వచ్చింది. సముద్రపు గాలి ఉన్న ఈ ఊళ్ళో ఏ పప్పునైనా నెలకు సరిపడా మాత్రమే కొని, ఎండలో పోసి, ఎండుమిరపకాయలు వేసి దాచుకోవాలి. చవక నూనె కోసం విడిగా అమ్మే నూనె ఒకసారి తెచ్చాను, వాసన భరించలేక మానేశాను. దానికి బదులు వాడకమే తగ్గించాను. వేపుళ్ళు వారానికి ఒక్కరోజుకు తగ్గడంతో నాలుగున్నర లీటర్ల నూనె మూడుకు దిగింది. పండుగలు ఈ లెక్కలో ఇమడవు. సంక్రాంతి అరిసెలకు, దీపావళికి నెలకు వంద చొప్పున వేరే డబ్బాలో వేస్తాను. ఇక శ్రమ సంగతి. ఆదివారం మూడు గంటల మార్కెట్టు, ప్రతి రాత్రి గింజలు నానబోయడం, ఆకులు ఏరడం, ఇవన్నీ ఇంట్లో చేసే మనిషి ఉండాలి. మా అత్తగారు లేకపోతే నా ఒక్కదానివల్ల అయ్యేది కాదు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంటికి, వంటగది లేని గదుల్లో ఉండే కుర్రవాళ్ళకు ఇది ఇలాగే పాటించమని నేను చెప్పలేను. వాళ్ళు గుడ్లు, వేరుశనగలు, ఉడికించిన శనగలు, అరటిపండ్ల వరకు పట్టుకున్నా మేలే.

ఇప్పటికీ నాకు తృప్తి లేనిది పండ్ల పద్దు. 300 రూపాయలకు అరటిపండ్లు, జామకాయలు తప్ప మరేమీ రావు, అవి కూడా రోజూ నలుగురికీ అందవు. ఎక్కువసార్లు పాపకూ అత్తగారికీ ఇచ్చి మేమిద్దరం మానుకుంటాము. కందిపప్పు ధర మళ్ళీ దిగింది కనుక నెలకు నూటయాభై దాకా మిగులుతున్నది. దాన్ని బియ్యం వైపు పోనివ్వకుండా, గత రెండు నెలలుగా ఆదివారం కోయంబేడులోనే ముగ్గురం కలిసి జామకాయలు ఎక్కువగా కొంటున్నాము. వారంలో నాలుగు రోజులైనా నలుగురికీ తలా ఒక కాయ వస్తున్నది.