పాత ఇంటి దస్తావేజుల వెతుకులాట: గుంటూరులో ఒక లేఖరి సేవపై సమీక్ష

గుంటూరు కొత్తపేటలోని మా పెంకుటింటి పూర్వాపరాలు తెలుసుకోవాలని, రిజిస్ట్రేషన్ పనులు చూసే ఒక దస్తావేజు లేఖరికి ఆ పని అప్పగించాను. పాత రికార్డులు వెతికించి, నకళ్లు తెప్పించి, ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వరుసగా రాసి ఇవ్వడం ఆయన చేసే సేవ. దస్తావేజుల వరకు పని నిక్కచ్చిగా జరిగింది. ఇంటి వయసు దగ్గరే తేడా వచ్చింది.

1983 నుంచి జరిగిన లావాదేవీల ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం) ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది కనుక అందుకు మధ్యవర్తి అక్కరలేదు. అంతకుముందువాటికి చేతిరాత సూచికలు తిరగేయాలి. వాటిలో ఒకటి పేర్ల వారీగా, మరొకటి ఆస్తి వారీగా ఉంటుంది. లేఖరిగారి నేర్పు ఇక్కడే కనిపించింది. ఆస్తి సూచికలో చిక్కని మా పాత క్రయ దస్తావేజును, పొరుగింటి కాగితాల చెక్కుబందిలో, అంటే నాలుగు వైపుల హద్దుల వివరంలో, కనిపించిన పేరు ఆధారంగా పేర్ల సూచికలో పట్టుకున్నారు.

ఆ దస్తావేజులో 'ఖాళీ నివేశన స్థలము' అని, దాని తరువాతి దానిలో 'పెంకుటిల్లు, ప్రహరీ, ఉమ్మడి నూతిలో సగము హక్కు' అని ఉంది. (ఆ నుయ్యి ఎప్పుడో పూడ్చేశారు గానీ, పెరట్లో దాని ఒర అంచు ఇప్పటికీ కాలికి తగులుతుంది.) ఈ రెండు దస్తావేజుల నడుమ ఎప్పుడో ఇల్లు లేచిందనేంతవరకే వీటినిబట్టి చెప్పగలం. లేఖరిగారు మాత్రం రెండో దస్తావేజు రాసిన సంవత్సరాన్నే ఇల్లు కట్టిన సంవత్సరంగా నివేదికలో వేసేశారు. అది తేలాలంటే పాత ఇంటిపన్ను రిజిస్టర్లు వెతకాలి; గుంటూరు మునిసిపాలిటీ 1866 నాటిది కనుక ఆ దారి తొక్కి చూడవలసిందే. ఆ వెతుకులాట తన సేవలో లేదని ఆయన డబ్బు కట్టించుకున్నాక చెప్పడం నాకు నచ్చలేదు.

మధ్యలో ఒక యాజమాన్య మార్పును 'ఆధారము లేదు' అని వదిలేయడం కూడా సరికాదు. వారసత్వంగా సంక్రమించినది ఈసీకి ఎక్కదు, వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, వంద రూపాయల లోపు క్రయాలను 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నిర్బంధించలేదు. ఈ కారణాలలో ఏది వర్తించవచ్చో ఒక్క వాక్యంలో రాసి ఉండవలసింది.

రుసుము సబబుగానే ఉంది. అమ్మకానికో బ్యాంకు రుణానికో లింకు దస్తావేజులు (ఆస్తి చేతులు మారిన వరుసను చూపే పాత దస్తావేజులు) కావలసినవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు పూర్వ యజమానుల ఇంటిపేర్లు, తండ్రుల పేర్లతో సహా రాసి తీసుకువెళ్తే సూచికలలో వెతకడం తేలికవుతుంది. పన్ను రిజిస్టర్ల సంగతి మాత్రం బయానా ఇవ్వకముందే తేల్చుకోవాలి.