మా కార్తీక హోమానికి కొత్త చోటు కోసం: త్రిపురాంతకం, శ్రీశైలం, మహానంది

శ్రీశైలంలో ఒక ప్రైవేటు సత్రం మా దగ్గర 5,000 రూపాయలు అడ్వాన్సు తీసుకుంది. తీరా మేం వెళ్లాక, ఇక్కడ నిప్పు పెట్టడానికి వీల్లేదంది. ఆ డబ్బు ఇప్పటికీ వెనక్కి రాలేదు. మా వాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేదు. పైగా పదిమందితో హోమమో వ్రతమో పెట్టుకుని చోటు వెతుక్కునేవాళ్లు ఇంకా ఉంటారు. అందుకని అంతా రాస్తున్నాను.

గుంటూరు చుట్టుపక్కల ఉన్న 61 కుటుంబాల వాళ్లం ఏటా కార్తీక పౌర్ణమికి ఒకచోట చేరతాం. సాయంత్రం రుద్రహోమం. చీకటి పడ్డాక జ్వాలాతోరణం. రెండు గుంజలు పాతి, పైన అడ్డకర్రకి ఎండుగడ్డి చుట్టి వెలిగిస్తే, పల్లకి వెనకాల అందరం దాని కిందనుంచి మూడుసార్లు నడుస్తాం. పూర్ణాహుతి అయ్యాక ఎవరూ లేచి వెళ్లరు. గుండం చుట్టూ చాపలు వేసుకుని, నిప్పు తనంతట తాను చల్లారేదాకా భజన చేస్తూ కూర్చుంటాం. తెల్లవారుజామున విభూతి పంచుకుని, స్నానాలు చేసి ఇళ్లకి బయల్దేరతాం. మా పిల్లలు పదహారేళ్లుగా ఈ రాత్రి కోసం ఎదురుచూస్తూ పెరిగారు.

ఇదంతా అమరావతి దగ్గర, కృష్ణ ఒడ్డున ఒక మామిడితోటలో జరిగేది. తోట పెద్దాయన మా దగ్గర రూపాయి తీసుకోలేదు. ఆయన పోయారు. 2024 తర్వాత రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక అక్కడ భూముల ధరలు పెరిగాయి, పిల్లలు తోట అమ్ముకున్నారు. పోయిన కార్తీకంలో మా గుండం పక్కనే ప్లాట్ల హద్దురాళ్లు పాతి ఉన్నాయి. వాటి మధ్యే చాపలు పరిచాం.

ఈసారి శ్రావణంలో ఒక ఆదివారం అందరం కూర్చుని చీటీలు రాశాం. వచ్చినవి 38. అందులో 21 శ్రీశైలానికి, 9 గుంటూరుకి దగ్గర్లో ఎక్కడైనా సరే అని, 5 మహానందికి, 3 త్రిపురాంతకానికి. పేర్ల కంటే చీటీల వెనక రాసినవే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. "అమ్మ మెట్లు ఎక్కలేదు." "నాకు పొగ పడదు, కాస్త ఎడంగా కూర్చునే చోటు ఉండాలి." "బాత్రూములు ముందు చూడండి." ఈ చివరి మాట ఏడు చీటీల్లో ఉంది, ఏడూ ఆడవాళ్లవే.

చూసి రావడానికి మా వారు, నేను, హోమం చేయించే శాస్త్రిగారు, మా పెద్దమ్మ బయల్దేరాం. పెద్దమ్మకి 73 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆవిడకి సరిపోయిన చోటు అందరికీ సరిపోతుందని పట్టుబట్టి తీసుకెళ్లాను. పోయిన ఏటి విభూతి ఒక స్టీలు డబ్బాలో పోసుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నరసరావుపేట, వినుకొండ మీదుగా త్రిపురాంతకం. శ్రీశైలానికి ఇది తూర్పు ద్వారం. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి అమ్మవారు. అంత ప్రశాంతంగా ఉన్న గుడిని ఈమధ్య నేను చూడలేదు. శాస్త్రిగారు ఇక్కడే పెట్టేద్దాం అన్నారు. కానీ రాత్రికి 110 మంది ఉండాలి. మాకు కనిపించిన గదులు అందులో సగం మందికి కూడా చాలవు. దర్శనానికైతే తప్పకుండా ఆగండి.

దోర్నాల నుంచి ఘాట్ ఎక్కి సాయంత్రం నాలుగున్నరకి శ్రీశైలం చేరాం. డ్యాము గేట్లు ఎత్తారు. దానికి శ్రావణమాసం తోడైంది. ఎక్కడ చూసినా కార్లు, బస్సులు. సత్రం వాళ్లతో నేను వారం ముందే మూడుసార్లు ఫోన్లో మాట్లాడాను. వెనక ఖాళీ స్థలం ఉందన్నారు. రాత్రికి 25,000, హోమం చేసుకోవచ్చు, చాపలు కూడా ఇస్తామన్నారు. 5,000 పంపితే స్థలం మీకే అన్నారు, పంపాను. మేం చూడటానికి వచ్చిన రోజుకి రెండు గదులు, ఒక్కోటి 1,100.

కౌంటర్లో వేరే మనిషి ఉన్నాడు. గది 1,800 అన్నాడు. ఫోన్లో 1,100 చెప్పారంటే, "అది గేట్లు ఎత్తకముందు రేటు" అన్నాడు. మా వారు వాదించబోతే నేనే ఆపాను, పెద్దమ్మ నిలబడలేకపోతోంది. రెండు గదులకీ 3,600 కట్టాం. ఇచ్చినవి మూడో అంతస్తులో. లిఫ్ట్ పనిచేయదు. కింద గది ఒక్కటైనా ఇవ్వమని అడిగితే తలెత్తి చూడలేదు. 73 ఏళ్ల మనిషి ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కింది. బకెట్ వేడినీళ్లు 40 రూపాయలు, అవీ మనమే కింద నుంచి మోసుకోవాలి. బాత్రూములో గడియ లేదు. నేను బయట నిలబడి కాపలా కాశాను.

తర్వాత స్థలం చూపించమన్నాం. వెనక్కి తీసుకెళ్తే అక్కడ నాలుగు టూరిస్టు బస్సులు ఆగి ఉన్నాయి, నేలంతా డీజిల్ మరకలు. శాస్త్రిగారు గుండం కొలతలు చెప్పడం మొదలుపెట్టగానే ఆ మనిషి కంగారుపడ్డాడు. "హోమం అంటే చిన్న పళ్లెంలో చేసుకుంటారనుకున్నాం. ఇక్కడ నిప్పు పెట్టనివ్వరు" అన్నాడు. అడ్వాన్సు తిరిగివ్వమంటే, కాగితం మీద రాసిచ్చి వెళ్లండి, పై నెలలో వేస్తాం అన్నాడు. నేను రాసిచ్చి, సంతకం పెట్టించుకుని, ఆ కాగితాన్ని ఫొటో తీసుకున్నాను. ఆ రాత్రి మా వారు అన్నం తినలేదు. శాస్త్రిగారు మాత్రం, "మల్లన్నని చూశాం కదమ్మా, మిగతాది వదిలేయండి" అన్నారు. నేను వదిలేయను. మాకు ఆ 5,000 చందాల డబ్బు. కొందరు 50 రూపాయలు ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర అటవీ శాఖలో పనిచేసే ఒకాయన కలిశారు. విషయం చెబితే ఓపిగ్గా వివరించారు. చుట్టూ ఉన్నది పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా లోపల నిప్పు రాజేయడం నేరం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి దారిలో బండ్లని వదలరు, కాబట్టి రాత్రివేళ ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కిందికి దిగడం కూడా ఆలోచించుకోవాల్సిన పనే అన్నారు. ఆయన చెప్పినదాంట్లో నాకు తప్పేం కనిపించలేదు. అడవి పక్కన 110 మంది తెల్లవార్లూ మంట పెట్టుకుని కూర్చోవడం సరికాదు.

శ్రీశైలానికి ఓటేసిన 21 మందికీ ఒక మాట. కార్తీక పౌర్ణమికి అక్కడ దేవస్థానమే జ్వాలాతోరణం చేస్తుంది, లక్షదీపోత్సవం చేస్తుంది. రుద్రహోమం, చండీహోమం టికెట్టు తీసుకుని చేయించుకోవచ్చు. జ్యోతిర్లింగం, శక్తిపీఠం ఒకేచోట ఉన్న క్షేత్రం, వెళ్లి తీరాల్సిందే. కానీ మన గుండం చుట్టూ మనం కూర్చునే రాత్రి అక్కడ కుదరదు. రెండూ కావాలంటే శ్రీశైలానికి ఇంకో నెలలో వెళ్దాం.

దోర్నాల దిగి, ఆత్మకూరు మీదుగా నంద్యాల, అక్కడి నుంచి మహానంది. దారిపొడవునా అరటితోటలు. ఒక చిన్న సత్రంలో కింద గదులు రెండు, ఒక్కోటి 700. పెద్దమ్మ కారు దిగగానే వంటావిడ పరుగున వచ్చి కుర్చీ వేసింది. "అమ్మమ్మా, నువ్వు యాడికీ లేయొద్దు, ఈడనే కూచో, నేనే తెచ్చిస్తా" అంది. అరటాకులో కొర్రన్నం, అలసందల పప్పు, గుత్తివంకాయ, మజ్జిగ, చివర్లో తోటలో కోసిన అరటిపండు. ఆకుకి 60 రూపాయలు. ముందురోజు రాత్రి ఉపవాసం ఉన్న మా వారు మూడుసార్లు అన్నం వడ్డించుకున్నారు. మర్నాడు పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ప్లేటు 40. నా అభిప్రాయంలో ఈ మొత్తం ప్రయాణంలో పెట్టిన ఖర్చుకి నిజంగా విలువ దక్కింది ఈ రెండు పూటలే.

గుడి కోనేట్లో నీళ్లు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. అడుగున పడిన రూపాయి బిళ్ల మీద అంకె కూడా కనిపిస్తుంది. కృష్ణలో స్నానం పోయిందని బాధపడేవాళ్లు ఇది చూస్తే ఒప్పుకుంటారు.

సత్రం వెనక, ఊరివైపు, ఒక రైతు తన పొలంలో అరటి తీసేసి ఖాళీగా ఉంచిన ఎకరం చూపించాడు. అడవి హద్దుకి బయటే ఉంది. ఇదే నాకు నచ్చింది, ఎందుకంటే మేం అడగక ముందే నిప్పు గురించి ఆయనే అడిగాడు. గుండం ఎంత లోతు, ఎంతసేపు మండుతుంది, గాలి ఎటు తోలితే ఏం చేస్తారు అని. కార్తీకంలో ఈడ గాలి తూర్పు నుంచి తోలుతుంది సామీ అని శాస్త్రిగారికి చెప్పి, గుండం ఎక్కడ పెట్టాలో, గడ్డివామి ఎంత దూరం జరపాలో కాలితో గీత గీసి చూపించాడు. పొగ పడనివాళ్లని తూర్పు వైపు కూర్చోబెట్టమన్నాడు. రెండు డ్రమ్ముల నీళ్లు, తడి గోనెసంచులు తన బాధ్యతే. నంద్యాల అగ్నిమాపక కేంద్రానికీ, పోలీసులకీ ముందే రాసివ్వడం మనది. రావి, మేడి, మోదుగ సమిధలు అక్కడే దొరుకుతాయి. నెయ్యి మాత్రం మనమే తీసుకెళ్లాలి. స్థలానికి 8,000 అడిగాడు, అడ్వాన్సు వద్దన్నాడు.

లోపాలూ ఉన్నాయి. సత్రంలో మరుగుదొడ్లు మూడే. నంద్యాలలో అడిగాను, అద్దెకి ఒక్కోటి 2,500 చెప్పారు, కనీసం ఆరు కావాలి. అంటే 15,000. ఆ చుట్టుపక్కల చిరుతలు తిరుగుతాయని రైతే చెప్పాడు, కాబట్టి రాత్రి పిల్లలెవరూ పొలం దాటకూడదు, గట్టు పొడవునా లైట్లు పెట్టాలి. మోటారుకి కరెంటు వేళలు ఉన్నాయి, నీళ్లు పగలే నింపుకోవాలి. స్థలం, మరుగుదొడ్లు కలిపి 23,000. శ్రీశైలం సత్రం బస్సుల మధ్య ఇస్తానన్న చోటుకి 25,000.

గుంటూరు నుంచి నంద్యాలకి రైళ్లున్నాయి. కార్లు లేనివాళ్లకి ఇదే పెద్ద సౌకర్యం. నల్లమల లోపలి నుంచి, బొగద సొరంగం గుండా వెళ్తుంది, పిల్లలకి సరదాగా ఉంటుంది. తిరుగు ప్రయాణం గిద్దలూరు, కంభం మీదుగా హాయిగా సాగింది. మొత్తం 700 కిలోమీటర్లు దాటింది, పెట్రోలు 5,150.

చీటీ ఇవ్వని 23 కుటుంబాలు దసరాలోపు మూడు విషయాలు చెప్పండి: ఎంతమంది వస్తారు, రైల్లోనా కార్లోనా, మెట్లు ఎక్కలేనివాళ్లు ఎవరు. కింద గదులు వాళ్లకే. దగ్గర్లోనే పెట్టమన్న తొమ్మిది మంది, అంత దూరం రాలేమంటే మొహమాటపడకుండా చెప్పండి, అందరం కలిసి ఒక బస్సు మాట్లాడుకునే సంగతి ఆలోచిద్దాం.

వినుకొండ దాటాక పెద్దమ్మ ఒళ్లో డబ్బా లేదని గమనించాను. ఎక్కడ మర్చిపోయావు పెద్దమ్మా, వెనక్కి తిప్పమంటావా అని కంగారుపడ్డాను.

"మర్చిపోలేదే అమ్మాయ్. ఆ వంటావిడ దేవుడి గూట్లో పెట్టి వచ్చాను. పౌర్ణమికి గుండంలో ముందు అదే వేయాలని చెప్పాను" అంది.