ముసలి లాబ్రడార్ ఒళ్ళు తగ్గాలంటే ఏది మేలు: ఇంటి వంటా, ప్యాకెట్ ఫుడ్డా?

తొమ్మిదేళ్ళ లాబ్రడార్. ఉండాల్సింది 30 కిలోలు, ఉన్నది 38. పైనుంచి చూస్తే నడుము కనబడదు, పక్కటెముకలు తడిమి వెతుక్కోవాలి. దీని గురించి ఇంట్లో తలో మాట ఉంటుంది. అన్నం మానిపిస్తే సరి అని ఒకరు, ‘సీనియర్’ అని రాసున్న ప్యాకెట్ తెద్దామని ఇంకొకరు, చికెన్, కూరగాయలు ఉడకబెట్టి పెడదామని మరొకరు. డాక్టరేమో బరువు తగ్గించే ప్రత్యేక ఫుడ్ రాసిస్తారు.

ఎవరి మాట విన్నా ముందు ఒక లెక్క కావాలి. ఇప్పుడున్న బరువుకి కాదు, ఉండాల్సిన బరువుకి వెయ్యాలి. పశువైద్యులు వాడే సూత్రం ప్రకారం 30 కిలోల కుక్క ఊరికే పడుకుని ఉన్నా రోజుకి సుమారు 900 కేలరీలు కావాలి. బరువు తగ్గించడానికి సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. అందులో పదో వంతు చిరుతిళ్ళకి వదిలేస్తే గిన్నెలోకి 810 మిగులుతాయి.

ఇప్పుడు పెడుతున్న డ్రై ఫుడ్‌నే తగ్గించడం అన్నిటికన్నా సులువు, చవక. మామూలు అడల్ట్ ఫుడ్‌లో 100 గ్రాములకి 370 కేలరీలు ఉన్నాయనుకుంటే 810కి 220 గ్రాములు. ఇంతవరకూ 350 గ్రాములు తింటున్న కుక్కకి ఇది మూడో వంతుకు మించిన కోత. ఆ ఫుడ్‌లో ప్రొటీన్, విటమిన్లు, ఖనిజాలు మామూలు మోతాదు తింటుందన్న లెక్కతో కలిపినవి. కేలరీలతో పాటు అవీ కోసుకుపోతాయి. పైగా ఆకలి. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు వాటికి పీవోఎంసీ అనే జన్యువులో లోపం ఉందని, అది ఆకలికీ బరువుకీ ముడిపడి ఉందని చూపించారు. కాబట్టి తిండిపోతని తిట్టి లాభం లేదు. రెండు మూడు కిలోలే ఎక్కువున్న కుక్కకైతే ఈ దారి చాలు. కాస్త తగ్గించి, ఉప్పూ నూనే లేకుండా ఉడికించిన బీన్సో సొరకాయో కలిపితే గిన్నె నిండుతుంది.

సీనియర్ ప్యాకెట్ మీద నాకు నమ్మకం తక్కువ. అమెరికాలో పెంపుడు జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే ఆఫ్కో సంస్థ కూడా ముసలి కుక్కలకంటూ వేరే ప్రమాణం పెట్టలేదు. అందుకే ఒక కంపెనీ సీనియర్ ఫుడ్‌లో కేలరీలు తక్కువుంటే ఇంకో కంపెనీ దాంట్లో మామూలుగానే ఉంటాయి. కొన్నిట్లో ప్రొటీన్ కూడా తగ్గించేస్తారు. వయసు మీద పడ్డ కుక్కకి కొవ్వు పెరుగుతూనే కండ కరుగుతుంటుంది, కిడ్నీ జబ్బని డాక్టర్ చెబితే తప్ప ప్రొటీన్ తగ్గించకూడదు.

ఇంటి వంట సంగతి కాస్త వివరంగా చూడాలి. మన ఇళ్ళల్లో కుక్క తిండంటే పెరుగన్నం, లేదంటే చికెన్ అన్నం. అన్నం విషమేమీ కాదు, వండిన అన్నం 100 గ్రాములకి 130 కేలరీలే. 250 గ్రాముల ఉడికిన స్కిన్‌లెస్ చికెన్ బ్రెస్ట్, 200 గ్రాముల అన్నం, ఇంకో 200 గ్రాముల బీన్స్, ఒక గుడ్డు: మొత్తం 810కి దగ్గరగా వస్తుంది, చూడ్డానికి గిన్నెడు తిండి. ఒట్టి పెరుగన్నంలో అంత ప్రొటీన్ ఎక్కడిది? అయితే చికెన్ వేసినా ఇందులో కాల్షియం, జింక్, అయోడిన్, విటమిన్ డి, ఇ సరిపడా ఉండవు. కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్‌లో 200 ఇంటి వంటకాలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 95 శాతం వాటిలో కనీసం ఒక ముఖ్య పోషకం తక్కువే పడింది. డాక్టర్ చెప్పిన సప్లిమెంట్ రోజూ కలిపి, అన్నం కాటా మీద తూచే ఓపిక ఉన్నవాళ్ళకే ఇది. ఉల్లి, వెల్లుల్లి పడిన సాంబారు, కూరలు ఎలాగూ కుక్కకి పనికిరావు. ఇక స్పూను నెయ్యి వేసినా 45 కేలరీలు పెరిగినట్టే.

ఎనిమిది కిలోలు తగ్గాల్సిన మన లాబ్రడార్‌కి నా ఓటు డాక్టర్ రాసే వెయిట్ లాస్ ఫుడ్‌కే. 100 గ్రాములకి 290 కేలరీలున్న రకమైతే అదే 810కి 280 గ్రాములు పెట్టొచ్చు. పీచూ ప్రొటీనూ ఎక్కువ కాబట్టి కడుపు నిండుతుంది, కండ నిలుస్తుంది, కోత పెట్టినా పోషకాలు తగ్గకుండా తయారుచేస్తారు. ఖరీదెక్కువ, చిన్న ఊళ్ళల్లో దొరకడమూ కష్టమే. కొన్ని కుక్కలు మొదట్లో మూతి తిప్పుకుంటాయి, వారం పది రోజులు పాతదాంట్లో కలుపుతూ మార్చాలి.

అయితే ఏ ఫుడ్ తెచ్చినా, సాయంత్రం టీ దగ్గర తాతగారు నాలుగు మేరీ బిస్కెట్లు పెడితే దాదాపు 100 కేలరీలు. చిరుతిళ్ళకి వదిలిన 90 అక్కడికే దాటిపోయాయి. పెట్టొద్దంటే ఎవరూ ఊరుకోరు, బిస్కెట్ బదులు కీరా ముక్క చేతికివ్వడం తేలిక.

ఏదీ మొదలుపెట్టకముందే థైరాయిడ్, కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ మరీ ఎక్కువవడం) జబ్బులు లేవని తేల్చుకోవాలి. పొట్ట వేలాడుతూ నీళ్ళు మరీ ఎక్కువగా తాగుతుంటే ఈ రెండోదాన్ని అనుమానించాలి. తర్వాత రెండు వారాలకోసారి తూచాలి. వారానికి బరువులో ఒక శాతం, అంటే 350 గ్రాములకి అటూ ఇటూ తగ్గితే సరైన దారిలో ఉన్నట్టు. ఆ లెక్కన 30కి రావడానికి ఆరు నెలలు పడుతుంది, కానీ మేలు కనబడడానికి అంతదాకా ఆగక్కర్లేదు. కీళ్ళ నొప్పులున్న లావు కుక్కల్లో ఆరు శాతం బరువు తగ్గేసరికే కుంటడం తగ్గినట్టు ఒక అధ్యయనంలో తేలింది. మన కుక్కకి అది రెండుంపావు కిలోలు. కాటా కదలకపోతే మోతాదు ఇంకో పది శాతం కోయాలి, వారానికి రెండు శాతం మించి పడిపోతుంటే పెంచాలి.