ఆ పెద్దంకెల వాచ్ ఫేస్ కొనకండి, కొన్నవాళ్లు వెంటనే తీసేయండి

నల్లటి బ్యాక్‌గ్రౌండ్, సగం స్క్రీన్ నిండే పెద్ద అంకెలు, కింద కొట్టుకుంటున్న ఎర్రటి గుండె బొమ్మ. వాచ్ ఫేస్ అంటే వాచీ స్క్రీన్ మీద టైమ్, మిగతా అంకెలు ఎలా కనిపించాలో చూసే డిజైన్, కావాలంటే మార్చుకోవచ్చు. ఫిట్‌నెస్ వాచీ వాడేవాళ్లలో చాలామందికి నేను ఏ ఫేస్ గురించి చెబుతున్నానో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది, ఈమధ్య ఎక్కడ చూసినా దాని ప్రకటనే కదా. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. కానీ దాన్ని కొని ఇంట్లో పెద్దవాళ్ల చేతికి పెట్టినవాళ్లు ఉంటే, మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు ఆ ఫేస్ మార్చేయండి.

విషయం త్వరగా చెప్పేస్తాను. మా నాన్నకి చూపు తగ్గింది, గుండెకి మందులు వాడుతున్నారు. నడిచేటప్పుడు గుండె వేగం ఫలానా అంకె దాటితే ఆగి కాసేపు కూర్చోమని డాక్టర్ చెప్పారు. వాచీతోపాటు వచ్చిన ఫేస్‌లలో టైమ్ బాగానే కనిపిస్తుంది గానీ, గుండె వేగం ఓ మూలన చీమంత అక్షరాల్లో ఉంటుంది, లేదంటే స్క్రీన్ నొక్కుతూ పోతే అడుగులు, దూరం, క్యాలరీల తర్వాత దాని వంతు వస్తుంది. నడుస్తూ అలా నొక్కుకుంటూ కూర్చోవడం ఆయన వల్ల కాదు. ఈ ఫేస్ ప్రకటనలో ‘పెద్దవాళ్ల కోసం, గుండె వేగం ఎప్పటికప్పుడు’ అని రాసి ఉంది. ట్రయల్ పెట్టాం, నాన్నకి నచ్చింది. ట్రయల్ గడువు అవగానే టైమ్ స్థానంలో ఓ కోడ్ వచ్చింది. దాన్ని వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి డబ్బు కట్టాం.

ఇక అసలు సంగతి. నాన్న నడిచి వచ్చి, స్నానానికి వెళ్తూ వాచీ విప్పి బల్లమీద పెట్టారు. అటుగా వెళ్తూ చూశాను. స్క్రీన్ మీద 78. కింద గుండె బొమ్మ కొట్టుకుంటోంది. వాచీ చేతికి లేదు, చేతి దగ్గర కూడా లేదు, చెక్కబల్ల మీద ఉంది.

ముందు సెన్సర్ పొరపాటేమో అనుకున్నాను. ఈ వాచీల అడుగున ఉండే పచ్చ లైట్ చర్మం కింద రక్తం ప్రవాహంలో తేడాలని పట్టుకుని గుండె వేగం లెక్కగడుతుంది. ఏదైనా వస్తువు మీద పెట్టినప్పుడు ఆ వెలుతురు తిరిగి తగిలి ఒక్కోసారి ఏదో అంకె వచ్చే మాట నిజమే. అందుకని వాచీని అక్కడి నుంచి కదపకుండా కంపెనీ సొంత ఫేస్‌కి మార్చాను. గుండె వేగం దగ్గర రెండు గీతలు కనిపించాయి, అంటే రీడింగ్ లేదని. మళ్లీ ఈ ఫేస్‌కి వచ్చాను. మళ్లీ 78. నాన్న స్నానం ముగించుకుని వచ్చేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ అంకె కదల్లేదు. గుండె బొమ్మ మాత్రం ఒకే వేగంతో కొట్టుకుంటూనే ఉంది. ఆ బొమ్మకి గుండెతో సంబంధమే లేదని, అది ఊరికే ఆడే యానిమేషన్ అని అప్పుడు అర్థమైంది.

ఈ అంకె చూసుకునే మా నాన్న నడుస్తున్నారు. దీన్ని చూసే ‘ఇంకా పర్లేదు’ అనుకుని ఇంకో చుట్టు వేస్తున్నారు. చేతికి పట్టీ కాస్త వదులైనా, చెమటకి జారినా, సెన్సర్‌కి రీడింగ్ అందదు. అలాంటప్పుడు గీతలు కనబడితే మనిషి ఆగి పట్టీ సర్దుకుంటాడు. పాత 78 అలాగే ఉంటే? ఆగాల్సిన మనిషి ఆగడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి.

తెలియక వచ్చిన లోపమై ఉంటుందని, వీడియో తీసి, మర్యాదగానే వాళ్లకి పంపాను. వాళ్ల దగ్గర నుంచి వచ్చిన జవాబు సారాంశం: ‘రీడింగ్ లేనప్పుడు గీతలు చూపిస్తే ఫేస్ పాడైందని కస్టమర్లు కంప్లయింట్ చేస్తున్నారు. అందుకే చివరి అంకెని ఉంచుతున్నాం. ఇది లోపం కాదు, మేం కావాలనే అలా చేశాం.’

కావాలనే చేశారట. అది చదివాక నాకు నోట మాట రాలేదు. నాన్న పరిస్థితి రాసి, కనీసం ఆ అంకె పాతదైతే రంగైనా మార్చండి అని అడిగాను. దానికి ఒకే ఒక్క వాక్యం: ‘గుండె జబ్బు ఉన్నవాళ్లు మెడికల్ పరికరం కొనుక్కోవాలి, వాచ్ ఫేస్ కాదు.’ తర్వాత ఎన్ని మెసేజ్‌లు పెట్టినా చలనం లేదు.

ఫిట్‌నెస్ వాచీ ఆసుపత్రి పరికరం కాదని మాకూ తెలుసు, మా డాక్టర్‌కీ తెలుసు. వాచీ కొలతలో కాస్త తేడా ఉంటుందని తెలిసే, దానికి తగ్గ హద్దు పెట్టి చెప్పారు. కొలతలో తేడా రావడం వేరు, కొలతే లేనప్పుడు ఉన్నట్టు చూపించడం వేరు. రెండోది మోసం. పెద్దవాళ్ల కోసమని ప్రకటన వేసి, గుండె బొమ్మ పెట్టి, డబ్బు తీసుకుని, పెద్దాయన గురించి అడిగితే మెడికల్ పరికరం కొనుక్కోమనడం ఏం పద్ధతి?

సాంకేతికంగా చేతకాక అలా చేశారనుకోవడానికి కూడా లేదు. ఫేస్ తనంతట తాను ఏదీ కొలవదు. కొలిచేది వాచీ. ఫేస్ చేసేదల్లా వాచీ ఇచ్చిన అంకెని తీసుకుని స్క్రీన్ మీద గీయడమే. రీడింగ్ ఉందో లేదో వాచీ చెబుతూనే ఉంటుంది. ఉదాహరణకి ఫిట్‌బిట్ అనే వాచీ కంపెనీ తన డెవలపర్లకి, అంటే ఫేస్‌లు, యాప్‌లు తయారుచేసేవాళ్లకి, ఇచ్చిన సాధనాల్లో, వాచీ ఒంటిమీద ఉందా లేదా అని చెప్పేందుకే ఒక సెన్సర్ సౌకర్యం ఉంది. మా వాచీ కంపెనీ సొంత ఫేస్ గీతలు చూపించిందంటే ఆ సమాచారం అందులోనూ వస్తున్నట్టే కదా. వచ్చిన సమాచారాన్ని వీళ్లు దాచారు.

ఫేస్ ఏదీ కొలవదన్న మాట ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. ఫేస్ మారిస్తే అప్పటిదాకా లెక్కపెట్టిన అడుగులు, నిద్ర వివరాలు పోతాయేమో అని చాలామంది నచ్చని ఫేస్‌నే అట్టిపెట్టుకుంటారు. ఏమీ పోవు. అవన్నీ వాచీలో, యాప్‌లో ఉంటాయి. ఫేస్ తీసేసినా లెక్క ఆగదు. అందుకే వెంటనే మార్చేయమంటున్నాను.

ఆ తర్వాత ఆ ఫేస్‌ని వెతికి వెతికి చూస్తే మరికొన్ని బయటపడ్డాయి. ప్రకటన ఫొటోలో ఎక్కిన అంతస్తులు కూడా ఉన్నాయి. మా వాచీలో ఆ గడి ఖాళీ. అంతస్తులు లెక్కపెట్టాలంటే గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు తెలుసుకునే ఆల్టిమీటర్ ఉండాలి, చవక మోడళ్లలో చాలావాటికి అది ఉండదు. ఏ మోడల్‌లో ఏది పనిచేస్తుందో ప్రకటనలో ఎక్కడా రాయలేదు. లొకేషన్ పర్మిషన్ కూడా తీసుకుంది. ఫేస్‌లో వాతావరణం ఉంటే లొకేషన్ ఎందుకో అర్థమవుతుంది, ఇందులో వాతావరణమే లేదు. మా నాన్న ఎక్కడ నడుస్తున్నారో వీళ్లకెందుకు? అడిగితే దానికీ జవాబు లేదు. బ్యాటరీ కూడా ఇంతకుముందుకంటే తొందరగా అయిపోతోంది. ఎప్పుడూ ఆడుతూ ఉండే ఆ గుండె బొమ్మే కారణమని నా అనుమానం. అమోలెడ్ స్క్రీన్‌లో నల్లగా ఉన్నచోట పిక్సెల్ వెలగదు కాబట్టి నల్లటి ఫేస్‌తో బ్యాటరీ ఆదా అవుతుంది, ఆ మాట నిజమే. కానీ దానిమీద క్షణం ఆగకుండా బొమ్మ కదులుతుంటే ఆ ఆదా ఎక్కడ మిగులుతుంది?

ఒకసారి కొంటే ‘జీవితకాలం మీదే’ అని ప్రకటనలో ఉన్న మాట కూడా నమ్మొద్దు. ఏ ఫేస్ అమ్మేవాళ్లూ ఆ మాట ఇవ్వలేరు, ఎందుకంటే అది వాళ్ల చేతిలో లేదు. ఆపిల్ వాచ్‌లో బయటివాళ్ల ఫేస్‌లకి చోటే లేదు. ఫిట్‌బిట్ 2022లో తెచ్చిన వెర్సా 4, సెన్స్ 2లలో బయటి డెవలపర్ల యాప్‌లకి తలుపు మూసేసింది. 2024 జూన్ నుంచి ఐరోపాలో బయటివాళ్లు చేసిన యాప్‌లు, క్లాక్ ఫేస్‌లు కొత్తగా వేసుకునే వీలు కూడా తీసేసింది. గూగుల్ వాచీల సాఫ్ట్‌వేర్ అయిన వేర్ ఓఎస్‌లో గూగుల్, శాంసంగ్ కలిసి 2023లో ఫేస్‌లు తయారుచేసే కొత్త పద్ధతి తెచ్చాయి. వేర్ ఓఎస్ 5తో వచ్చిన కొత్త వాచీల్లో పాత పద్ధతిలో చేసిన ఫేస్‌లు ఎక్కవు. డబ్బు పెట్టి కొన్న ఫేస్‌లు కొత్త వాచీకి రాక ఎంతమంది లబోదిబోమన్నారో! ఇవాళ మీ వాచీలో పనిచేసేది రేపు మార్చుకున్న వాచీలో పనిచేస్తుందన్న భరోసా లేదు. ఈ అమ్మకందారు మాత్రం జీవితకాలం అని పెద్దక్షరాల్లో రాసుకున్నాడు.

డబ్బు సంగతికొస్తే, వాపసు అడిగాను. ట్రయల్ వాడారు కాబట్టి కుదరదన్నారు. వాచీ కంపెనీ సపోర్ట్‌ని అడిగితే, మీరు మా ద్వారా డబ్బు కట్టలేదు కాబట్టి మేం ఏమీ చేయలేం అన్నారు. వాళ్లు చెప్పిందీ నిజమే. స్క్రీన్ మీద కోడ్ చూపించి బయటి వెబ్‌సైట్‌లో కట్టించుకునే పద్ధతిలో ఉన్న చిక్కంతా ఇదే. గూగుల్ ప్లే లాంటి స్టోర్‌లో కడితే 48 గంటల్లోపు వాపసు అడగడానికైనా ఒక దారి ఉంటుంది. ఇలా బయట కట్టినప్పుడు ఇస్తే ఆ అమ్మినవాడే ఇవ్వాలి. ఇవ్వకపోతే మిగిలిన దారి మన కార్డు బ్యాంకే.

ఏదైనా ఫేస్ కొనబోయే ముందు ట్రయల్‌లోనే ఒక పని చేయండి. గుండె వేగం కనిపిస్తుండగా వాచీ విప్పి, అడుగు భాగం పైకి ఉండేలా తిప్పి పక్కన పెట్టండి. కాసేపాగి చూడండి. అంకె పోయి గీతలో, ఖాళీయో రావాలి. రాకపోతే ఆ ఫేస్ ఎంత అందంగా ఉన్నా వద్దు. నడిచేటప్పుడు ఒకసారి మెడ దగ్గరో మణికట్టు దగ్గరో నాడి పట్టుకుని, 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేసి, ఆ అంకెతో పోల్చి చూడండి. మీ మోడల్ పేరు ప్రకటనలో రాసి ఉందో లేదో చూడండి. అక్కర్లేని పర్మిషన్ అడిగితే ఇవ్వకండి.

పెద్దవాళ్లకైతే ఇంకో సంగతి. చాలా వాచీల్లో వ్యాయామం మోడ్ మొదలుపెడితే గుండె వేగం పెద్ద అంకెల్లో కనిపిస్తుంది, అది కంపెనీ సొంత స్క్రీన్. కొన్ని మోడళ్లలో గుండె వేగం హద్దు దాటితే వాచీయే వణికి చెప్పేలా పెట్టుకోవచ్చు. ఇప్పుడు నాన్నకి అదే పెట్టాం. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఒక్కసారి బటన్ నొక్కితే చాలు. దీనికి ఎవరికీ ఒక్క పైసా కట్టక్కర్లేదు. ఆ ప్రకటన చూడకముందే ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

వాళ్ల జవాబుల స్క్రీన్‌షాట్లు, బల్లమీద 78 చూపిస్తున్న వీడియో జతచేసి బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, వాచీ కంపెనీకి కూడా ఆ ఫేస్ మీద రిపోర్ట్ పంపాను. ఒక్కరు ఫిర్యాదు చేస్తే పక్కన పడేస్తారు. అదే ఫేస్ మీ దగ్గర ఉంటే, వాచీ విప్పి చూశాక ఏం కనిపించిందో, మీ మోడల్ పేరు, ఫేస్ వెర్షన్ నంబర్‌తో కింద రాయండి. వీడియో కూడా ఉంటే ఇంకా మంచిది, అన్నీ కలిపి మళ్లీ పంపిస్తాను.