18 ఏళ్లు ఆగాక వచ్చిన షెన్మూ 3: ఊరు బాగుంది, కథే కదల్లేదు

2001లో షెన్మూ 2 అనే వీడియో గేమ్ కథ ఒక గుహలో ఆగింది. గాల్లో తేలే ఖడ్గం, గోడ మీద చెక్కిన రెండు పెద్ద అద్దాలు, హీరో రియో పక్కన షెన్‌హువా అనే అమ్మాయి. రియో తండ్రిని విలన్ లాన్ డీ ఎందుకు చంపాడు, ఆ అద్దాల వెనక ఏముంది అన్నది తర్వాతి భాగంలో తేలుతుందనుకున్నాం. ఆ భాగం 2019 నవంబర్ 19న గానీ రాలేదు. 2015లో ఈ ఆటల సృష్టికర్త యూ సుజుకీ, జనం నుంచి చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో అడగగానే అభిమానులు 63 లక్షల డాలర్లు పోగేశారు. 2017 డిసెంబర్‌కి ఇస్తామన్న ఆట రెండేళ్లు వెనక్కి జరిగింది. ఆలస్యం గురించి నాకు ఫిర్యాదు లేదు. బాధల్లా ఆ గుహలోంచి బయటికొచ్చిన కథ ఎటూ పోకపోవడమే.

ముందు అసలు చికాకు చెప్తాను. పరుగుకీ పోట్లాటకీ ఇందులో ఒకటే శక్తి గీత. పరిగెత్తినకొద్దీ అది తగ్గుతుంది, బాగా పడిపోతే నడవడమే గతి. ఎదురుగా రౌడీ తగిలితే మిగిలిన ఆ కాస్త శక్తితోనే తలపడాలి. పోట్లాట మధ్యలో తినడం కుదరదు కాబట్టి పండ్లో వెల్లుల్లో సంచిలో ఎప్పుడూ ఉండాలి. వాటికి డబ్బు కావాలి. తీరిగ్గా ఊరంతా తిరగడానికే తీసిన ఆటలో తిరుగుడుకే పన్ను వేసినట్టుంది. మొదటి రెండు భాగాల్లో ఈ బెడద లేదు.

బలం పెరిగే పద్ధతి తెలీకపోతే రోజులు వృథా అవుతాయి. గుర్రపు భంగిమ, కోడి అడుగు, అంగుళం గుద్దు లాంటి సాధనలు ఓర్పును పెంచి గీతను పొడిగిస్తాయి. దెబ్బ బలం మాత్రం జోడీతో సాధన చేస్తేనే పెరుగుతుంది, అదీ పూర్తిగా రాని కుంగ్‌ఫూ పట్ల మీదే. వచ్చేసిన పట్టు ఎన్నిసార్లు వేసినా లాభం లేదు, కొత్త పట్టు నేర్పే పుస్తకం కావాలి. ఆ పుస్తకాలు కొనాలి, లేదా గాచా బొమ్మల (నాణెం వేస్తే యంత్రంలోంచి పడేవి) సెట్ పూర్తిచేసి తాకట్టు కొట్లో మార్చుకోవాలి. అంటే మళ్లీ డబ్బే.

కథ మొదలయ్యే బైలు అనే పల్లెలో కట్టెలు కొట్టొచ్చు, మూలికలు ఏరొచ్చు. మూలికల్ని విడివిడిగా అమ్మితే చిల్లర రాలుతుంది, సెట్ కలిపి అమ్మితే గిట్టుబాటు. జూదంలో గెలిచింది నేరుగా చేతికి రాదు: టోకెన్లు, టోకెన్లతో బహుమతి, బహుమతిని తాకట్టు కొట్లో అమ్మకం. మెనూలోంచి సేవ్ చేసుకునే వీలుంది కాబట్టి పందేనికి ముందు తప్పకుండా సేవ్ చేయండి.

ఈ సంపాదనంతా కథకి తోడుగా సాగితే బాగుండేది. కానీ ఇక్కడ కథనే ఆపేశారు. రౌడీల నాయకుడి చేతిలో ఓడిపోతాం, ముసలి గురువు ఒక పట్టు నేర్పాలంటే ఖరీదైన మద్యం తెమ్మంటాడు. ఆ డబ్బు కూడే దాకా తండ్రి హత్యా లేదు, అద్దమూ లేదు, కట్టెలే. తర్వాత వచ్చే నియావు పట్టణంలోకి వెళ్లాక మళ్లీ అదే వరస: ఓటమి, గురువు, కొత్త పట్టు. రెండోసారికి ఓపిక నశిస్తుంది.

పోట్లాట కూడా పలచబడింది. మొదటి రెండు భాగాలు వర్చువా ఫైటర్ అనే పోట్లాట గేమ్ పునాది మీద కట్టినవి, పట్టుకుని విసిరేయడం అందులో సగం రుచి. ఇందులో విసుర్లే లేవు. బటన్లు వరసగా నొక్కితే పట్టు పడుతుంది, దూరం, సమయం అన్న లెక్కకి పెద్దగా పని లేదు.

బైలు ఊరిని మాత్రం మనసుపెట్టి కట్టారు. కొండల మీద పొద్దు వాలే వెలుతురు, ప్రతి గడపకీ ఒక పేరున్న మనిషి, రాత్రి ఇంట్లో షెన్‌హువాతో మాటలు. ఆమె చిన్నప్పటి సంగతులు, రియో జపాన్ కబుర్లు కలిసే ఆ సంభాషణల్లో పాత షెన్మూ ప్రాణం ఉంది. వాటిని దాటేయకండి.

ముగింపు తెలుసుకోవద్దనుకునేవాళ్లు ఇక్కడ ఆపండి. లాన్ డీ చివర్లో వస్తాడు, ఎదురు నిలిచిన రియో ఓడిపోతాడు, ముఖ్యమైన ప్రశ్నలన్నీ అలాగే ఉంటాయి. చివరి దృశ్యంలో రియో, షెన్‌హువా, వాళ్ల తోడు రెన్ చైనా గోడ మీద నడుస్తుంటారు. అభిమానుల డబ్బుతో, ఇంకో అవకాశం వస్తుందన్న హామీ లేకుండా తీసిన ఆటలో ఒక్క ప్రశ్నకైనా గట్టి జవాబు ఇచ్చి ఉండాల్సింది.

మొదటి రెండూ ఆడనివాళ్లు దీంతో మొదలుపెట్టొద్దు, ఆ రెండూ 2018లో పీసీకి వచ్చాయి. ఆడినవాళ్లు ఈజీ స్థాయి పెట్టుకుని, పొద్దున్నే సాధన ముగించుకుని, మూలికలు ఏరుకుంటూ వెళ్లండి. బైలులో ఉన్నన్ని రోజులూ తొందరపడొద్దు.